గరుకు ఆకుపచ్చ పాము

గరుకు ఆకుపచ్చ పాము (శాస్త్రీయ నామం: ఒఫియోడ్రిస్ ఈస్టివస్) ఉత్తర అమెరికా ఖండంలో నివసించే విషరహితమైన చెట్టుపాము. ఇది కొలుబ్రిడే కుటుంబానికి చెందినది. అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ ప్రాంతమంతటా, మెక్సికో ఈశాన్య ప్రాంతంలోను ఇది కనిపిస్తుంది. సన్నని శరీరం, పొడవైన తోక, లేత ఆకును పోలిన రంగు దీని ప్రధాన లక్షణాలు. నీటి ఒడ్డున పెరిగే పొదలలోను, చిన్న చెట్ల కొమ్మలపైనను పగటివేళ సంచరిస్తూ గొంగళిపురుగులను, మిడతలను, సాలీళ్ళను తిని జీవిస్తుంది. దీనికి విషకోరలు లేవు. మనుషులను కరవడం అత్యంత అరుదు. కరిచినా ఎట్టి ప్రమాదమూ లేదు. అయినప్పటికీ పాము అన్న భయం చేత దీనిని చంపేవారు నేటికీ ఉన్నారు.

పేరు

ఆంగ్లంలో దీనిని "రఫ్ గ్రీన్ స్నేక్" అంటారు. ఈ వ్యాసంలో ఆ పేరుకు అర్థాన్నిచ్చే "గరుకు ఆకుపచ్చ పాము" అన్న మాటను వాడడమైనది. పొలుసుల మధ్య నిలువుగా ఉబికి ఉండే సన్నని గీటు వలన దీని చర్మం తాకితే కొద్దిగా గరుకుగా ఉంటుంది. అందుచేతనే ఆ పేరు వచ్చింది. అమెరికాలో స్థానికులు దీనిని గడ్డి పాము, తీగ పాము, తోట పాము అన్న అర్థాలు వచ్చే పేర్లతో కూడా పిలుస్తారు. ఈ పేర్లు ఇతర దేశాలలో వేరే జాతుల పాములకు కూడా ఉన్నందున, ఏ పామును గురించి చెబుతున్నారో తెలుసుకోవడానికి శాస్త్రీయ నామమే నమ్మదగినది.

"ఒఫియోడ్రిస్" అన్న ప్రజాతి నామం రెండు గ్రీకు పదాల కలయిక. "ఓఫిస్" అంటే పాము, "డ్రిస్" అంటే చెట్టు, ప్రత్యేకించి సింధూర వృక్షం. "ఈస్టివస్" అన్నది లాటిన్ పదం. గ్రీష్మానికి సంబంధించినది అని దాని అర్థం. దీని దగ్గరి బంధువైన మరొక పాముకు "వెర్నాలిస్", అనగా వసంతానికి సంబంధించినది, అన్న పేరు ఉన్నది. ఈ విధంగా ఒకే ప్రజాతిలోని రెండు పాములు రెండు ఋతువుల పేర్లు ధరించాయి.

వర్గీకరణ

ఈ పామును శాస్త్రీయంగా మొదట వర్ణించినవాడు స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త కరోలస్ లిన్నేయస్. ఆయన 1766లో తన "సిస్టెమా నేచురే" గ్రంథపు పన్నెండవ కూర్పులో దీనికి "కొలూబర్ ఈస్టివస్" అని పేరు పెట్టాడు. ఆ వర్ణనకు ఆధారమైన నమూనా అమెరికాలోని కరోలినా ప్రాంతానిది. ఆ కాలంలో అనేక రకాల పాములను కొలూబర్ అన్న ఒకే ప్రజాతిలో చేర్చేవారు. తరువాత 1843లో ఆస్ట్రియా శాస్త్రవేత్త లియోపోల్డ్ ఫిట్జింగర్ ఒఫియోడ్రిస్ ప్రజాతిని ఏర్పరచాడు.

ఆసియా ఖండంలోని కొన్ని ఆకుపచ్చ పాములను కూడా ఒకప్పుడు ఇదే ప్రజాతిలో చేర్చారు. అనంతర పరిశోధనలలో వాటిని వేరు చేసి, వేరే ప్రజాతులలో ఉంచారు. ప్రస్తుతం ఒఫియోడ్రిస్ ప్రజాతిలో ఉత్తర అమెరికాకు చెందిన రెండు జాతులు మాత్రమే మిగిలాయి. ఒకటి ఈ వ్యాసవిషయమైన గరుకు ఆకుపచ్చ పాము. రెండవది నున్నని ఆకుపచ్చ పాము (ఒఫియోడ్రిస్ వెర్నాలిస్). ఈ రెండవదానిని 1827లో రిచర్డ్ హార్లన్ వర్ణించాడు. 1991లో దీనికి "లియోక్లోరోఫిస్" అన్న ప్రత్యేక ప్రజాతిని కొందరు ప్రతిపాదించారు గాని, ఎక్కువమంది దానిని ఒఫియోడ్రిస్‌గానే పరిగణిస్తున్నారు.

గరుకు ఆకుపచ్చ పాములో ఉపజాతులను కూడా కొందరు గుర్తించారు. ఫ్లోరిడా ద్వీపకల్పంలోని పాములను 1984లో "కారినేటస్" అన్న ఉపజాతిగా వర్ణించారు. ఈ విభజనను శాస్త్రవేత్తలందరూ అంగీకరించలేదు.

శరీర లక్షణాలు

పెరిగిన పాము సాధారణంగా 56 నుండి 81 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. నమోదైన అత్యధిక పొడవు సుమారు 116 సెంటీమీటర్లు. పొడవుతో పోలిస్తే లావు చాలా తక్కువ. పెద్ద పాము సైతం మనిషి చిటికెన వ్రేలి లావును మించడం అరుదు. మొత్తం పొడవులో మూడవ వంతుకు పైగా తోకయే ఉంటుంది. ఈ పొడవైన తోక కొమ్మలను చుట్టి పట్టుకోవడానికి, ఒక కొమ్మ నుండి మరొక కొమ్మకు శరీరాన్ని చాచేటప్పుడు పట్టు జారకుండా నిలుపుకోవడానికి ఉపకరిస్తుంది. ఆడ పాములు మగవాటి కంటే కొంత పెద్దవి.

వీపు, పక్కలు లేత ఆకుపచ్చ రంగులో ఉంటాయి. వీపుపై చారలు గాని, మచ్చలు గాని ఉండవు. పొట్ట భాగం లేత పసుపు లేదా పసుపు కలిసిన తెలుపు. పెదవులు, గడ్డం కూడా పసుపు వన్నెలోనే ఉంటాయి. తల మెడకంటే కొద్దిగా వెడల్పుగా ఉంటుంది. కళ్ళు తల పరిమాణానికి పెద్దవి. కనుపాప గుండ్రంగా ఉంటుంది. అప్పుడే గుడ్డు నుండి వచ్చిన పిల్లల రంగు బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. పెరిగే కొద్దీ ఆకుపచ్చదనం చిక్కబడుతుంది.

శరీర మధ్యభాగంలో వీపు పొలుసులు 17 వరుసలలో అమరి ఉంటాయి. ఈ పొలుసులలో అధిక భాగానికి నడుమ సన్నని గీటు ఉబికి ఉంటుంది. చెట్టుబెరడు వంటి గరుకు ఉపరితలాలపై ప్రాకేటప్పుడు ఇటువంటి పొలుసులు పట్టునిస్తాయని భావిస్తారు. నున్నని ఆకుపచ్చ పాములో 15 వరుసలే ఉంటాయి, వాటికి గీటు ఉండదు. ఈ రెండు పాములను గుర్తుపట్టడానికి పొలుసులే ప్రధానమైన ఆధారం.

రంగు వెనుక కారణం

ఈ పాము రంగును గురించి ఆశ్చర్యకరమైన విషయం ఒకటి ఉన్నది. చనిపోయిన తరువాత ఇది నీలి రంగుకు మారుతుంది. రోడ్డుమీద వాహనాల క్రింద పడి చనిపోయిన పామును చూసి, అది ఏదో క్రొత్త జాతి నీలి పాము అని పొరబడేవారు ఉన్నారు. ప్రయోగశాలలలో సారాయి ద్రావణంలో భద్రపరచిన నమూనాలు కూడా కాలక్రమంలో నీలిగా మారతాయి.

దీనికి కారణం ఆకుపచ్చ రంగు ఏర్పడే విధానంలో ఉన్నది. మొక్కల ఆకులలో ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం ఉంటుంది. ఈ పాము చర్మంలో పత్రహరితం గాని, మరే ఆకుపచ్చ వర్ణకం గాని లేదు. చర్మంలోని ఒక పొరలో కాంతిని ప్రతిఫలింపజేసే సూక్ష్మ స్ఫటికాలు గల కణాలు ఉంటాయి. ఇవి కాంతిలోని నీలి భాగాన్ని ఎక్కువగా వెనుకకు పంపుతాయి. వాటి క్రింద నల్లని వర్ణకం గల కణాలు మిగిలిన కాంతిని పీల్చుకుంటాయి. అన్నిటికంటే పైన పసుపు వర్ణకం గల కణాల పొర ఉంటుంది. నీలి కాంతి ఈ పసుపు పొరగుండా బయటికి వచ్చినప్పుడు మన కంటికి ఆకుపచ్చగా కనబడుతుంది. చిత్రలేఖనంలో నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వచ్చినట్లే దీనిని ఊహించుకోవచ్చు. మరణానంతరం పసుపు వర్ణకం త్వరగా నశిస్తుంది. నీలి రంగుకు కారణమైన స్ఫటికాలు మాత్రం నిలిచి ఉంటాయి. అందుచేత పాము నీలిగా మారినట్లు కనిపిస్తుంది.

వ్యాప్తి

గరుకు ఆకుపచ్చ పాము విస్తృతి తూర్పున న్యూజెర్సీ రాష్ట్రపు దక్షిణ భాగం నుండి మొదలై, అట్లాంటిక్ తీరం వెంబడి ఫ్లోరిడా దక్షిణాగ్రం వరకు ఉన్నది. పశ్చిమాన తూర్పు కాన్సాస్, ఓక్లహోమా, మధ్య టెక్సాస్ వరకు వ్యాపించి, అక్కడినుండి మెక్సికో ఈశాన్య రాష్ట్రాలలోకి సాగింది. వర్జీనియా, ఉత్తర కరోలినా, దక్షిణ కరోలినా, జార్జియా, అలబామా, టెనెసీ, ఆర్కన్సా, లూయిసియానా మొదలైన రాష్ట్రాలలో ఇది సాధారణంగా కనిపించే పాములలో ఒకటి. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్ రాష్ట్రాలలో దక్షిణ భాగాలకే పరిమితం. ఉత్తరపు అంచున ఉన్న పెన్సిల్వేనియాలో ఇది చాలా అరుదు.

చలి తక్కువగా ఉండే ఫ్లోరిడా వంటి చోట్ల ఇది సంవత్సరంలో ఎక్కువ కాలం చురుకుగా ఉంటుంది. ఉత్తర ప్రాంతాలలో సుమారు ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు మాత్రమే తిరుగుతుంది. శీతాకాలంలో నేలలోని బొరియలలో, మొద్దుల క్రింద, చెట్ల వేళ్ళ సందులలో సుప్తావస్థలో గడుపుతుంది.

ఆవాసం, దినచర్య

ఈ పాముకు దట్టమైన పచ్చదనం, సూర్యరశ్మి, దగ్గరలో నీరు ఉండే చోట్లు ఇష్టం. చెరువుల, వాగుల, నదుల ఒడ్డున నీటిపైకి వంగి ఉండే పొదలు, తీగలు అల్లుకున్న చిన్న చెట్లు, అడవి అంచులు, చిత్తడి నేలలు దీనికి నెలవులు. పచ్చిక బయళ్ళలోను, ఇళ్ళ తోటలలోను కూడా కనిపిస్తుంది. సాధారణంగా నేలనుండి కొద్ది మీటర్ల ఎత్తులోపు కొమ్మలపైనే తిరుగుతుంది. ఈత బాగా వచ్చు. భయపడినప్పుడు కొమ్మమీది నుండి నీటిలోకి జారి ఈదిపోవడం కద్దు.

ఈ పాము జీవన విధానాన్ని గురించి నేడు తెలిసిన దానిలో పెద్ద భాగం ఆర్కన్సా రాష్ట్రంలో మైకేల్ ప్లమ్మర్ అనే శాస్త్రవేత్త దీర్ఘకాలం జరిపిన పరిశీలనల ఫలితం. ఆయన ఒక సరస్సు తీరంలోని పాములను పట్టి, గుర్తులు వేసి, విడిచిపెట్టి, మరల మరల పరిశీలించాడు. 1981లోను, తరువాతి సంవత్సరాలలోను ప్రచురించిన పత్రాలలో వాటి ఆవాసాన్ని, ఆహారాన్ని, సంతానోత్పత్తిని, జనాభాను వివరించాడు. నీటి అంచున ఉన్న సన్నని పచ్చని పట్టీలోనే పాములు అత్యధికంగా ఉన్నాయని, అందులోనూ ఒక్కొక్క పాము తీరం వెంబడి కొద్దిపాటి దూరంలోనే తిరుగుతుందని ఈ పరిశీలనలలో తేలింది. అనుకూలమైన ఆవాసంలో వీటి సంఖ్య చాలా అధికంగా ఉండగలదని కూడా తెలిసింది. కంటికి కనబడవు గనుక లేవని అనుకోవడం సరికాదు.

ఇది పూర్తిగా పగటి జీవి. చీకటి పడే వేళకు కొమ్మ చివరి భాగానికి చేరి, ఆకుల నడుమ చుట్టలు చుట్టుకొని నిద్రిస్తుంది. సన్నని కొమ్మ చివరన ఉండడం వలన శత్రువు ఏదైనా కొమ్మపైకి వస్తే ఆ కదలిక వెంటనే తెలుస్తుందని భావిస్తారు. పగలు ఆకులలో కలిసిపోయే ఈ పామును రాత్రివేళ టార్చిలైటు వెలుగులో చూడడమే సులభం. ఆ వెలుగులో దీని శరీరం ఆకులకంటే లేతగా, స్పష్టంగా కనబడుతుంది.

ఆహారం, వేట

పాములు ఎలుకలను, కప్పలను తింటాయన్నది సాధారణ అభిప్రాయం. గరుకు ఆకుపచ్చ పాము అందుకు భిన్నమైనది. దీని ఆహారం దాదాపుగా కీటకాలు, సాలీళ్ళు మాత్రమే. ఆర్కన్సా పరిశీలనలలో గొంగళిపురుగులు, సాలీళ్ళు, మిడతలు, కీచురాళ్ళు, తూనీగలు దీని ఆహారంలో సింహభాగమని తేలింది. ఎప్పుడైనా నత్తలను, చిన్న చెట్టుకప్పలను కూడా తింటుంది.

వేటకు ఇది ప్రధానంగా కంటిచూపుపై ఆధారపడుతుంది. కొమ్మల వెంట మెల్లగా సాగుతూ, తల ఎత్తి చుట్టూ పరికిస్తుంది. కదిలే పురుగు కంటబడగానే ఆగి, మెల్లమెల్లగా సమీపిస్తుంది. దగ్గరకు చేరిన తరువాత మెడను వంకరగా మడిచి, ఒక్కసారిగా ముందుకు చాచి పట్టుకుంటుంది. దీనికి విషం లేదు. కొండచిలువవలె ఎరను చుట్టి నలిపే అలవాటూ లేదు. పట్టిన పురుగును సజీవంగానే మ్రింగివేస్తుంది.

గాలి వీచినప్పుడు ఈ పాము తన శరీరపు ముందు భాగాన్ని కొమ్మలతోపాటు ఊగిస్తుంది. గాలి ఆగగానే తానూ ఆగుతుంది. ఈ విధంగా గాలికి కదిలే తీగగా కనబడడం వలన ఎర బెదరదు, పైనుండి చూసే పక్షికి పాము తెలియదు.

ఆకులను తినే గొంగళిపురుగులను, మిడతలను అదుపులో ఉంచడంలో ఈ పాముకు కూడా పాత్ర ఉన్నది. ఒక తోటలో ఈ పాము నిలకడగా ఉన్నదంటే అక్కడ పురుగులు సమృద్ధిగా ఉన్నాయని, వాటిపై విషపు మందుల తాకిడి తక్కువగా ఉన్నదని అర్థం చేసుకోవచ్చు.

ప్రత్యుత్పత్తి, జీవిత చక్రం

ఈ పాములు వసంతకాలంలో జతకడతాయి. శరదృతువులో జతకట్టిన సందర్భాలు కూడా నమోదైనాయి. ఆడ పాము జూన్, జులై నెలలలో గుడ్లు పెడుతుంది. ఒక విడతలో సాధారణంగా 3 నుండి 12 గుడ్లు ఉంటాయి. గుడ్లు కోలగా, తెల్లగా ఉంటాయి. పెంకు కోడిగుడ్డు పెంకువలె గట్టిగా ఉండక, పలుచని తోలువలె మెత్తగా ఉంటుంది.

ఎప్పుడూ కొమ్మలపై తిరిగే ఈ పాము గుడ్లు పెట్టే సమయంలో మాత్రం తన నెలవును విడిచి వెళుతుంది. ఆడ పాములకు చిన్న రేడియో పరికరాలను అమర్చి జరిపిన పరిశీలనలను ప్లమ్మర్ 1990లో ప్రచురించాడు. వాటి ప్రకారం గర్భంతో ఉన్న పాములు సరస్సు ఒడ్డును విడిచి, నేలపై ప్రాకుతూ అడవి లోపలికి వెళ్ళి, బ్రతికి ఉన్న చెట్ల తొర్రలలో గుడ్లు పెట్టాయి. పని ముగిసిన తరువాత తిరిగి నీటి ఒడ్డుకు చేరాయి. కుళ్ళిన మొద్దులు, వదులుగా ఉన్న బెరడు, రాళ్ళ అడుగు, నాచు గుబుర్లు కూడా గుడ్లకు అనువైన చోట్లు. తేమ ఆరిపోకుండా ఉండడం, మరీ వేడెక్కకుండా ఉండడం ఈ చోట్లకు గల సమాన లక్షణం. పొదలు ఒక్కటే మిగిల్చి, వెనుక ఉన్న పాత చెట్లను కొట్టివేస్తే ఈ పాముకు కలిగే నష్టం ఏమిటో ఈ పరిశీలన వలన తెలుస్తుంది.

కొన్ని సందర్భాలలో అనేక ఆడ పాములు ఒకే చోట గుడ్లు పెడతాయి. ఉత్తర కరోలినాలో పారవేసిన ఒక పాత రిఫ్రిజిరేటరు గోడలోని పొరల నడుమ డెబ్బైకి పైగా గుడ్లు లభించిన విషయం 1976లో ప్రచురితమైంది.

గుడ్లు పెట్టిన తరువాత తల్లి వాటిని కాపలా కాయదు. వాతావరణపు వేడిని బట్టి ఐదు నుండి పన్నెండు వారాలలో గుడ్లు పిగులుతాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పిల్లలు బయటికి వస్తాయి. పిల్ల పొడవు సుమారు 18 నుండి 20 సెంటీమీటర్లు. పుట్టిన నాటినుండి తమ ఆహారాన్ని తామే వెదకుకుంటాయి. రెండవ, మూడవ ఏట ప్రత్యుత్పత్తికి సిద్ధమవుతాయి. పిల్లలలో ఎక్కువ భాగం ఆ వయస్సు వరకు బ్రతకవు.

శత్రువులు, ఆత్మరక్షణ

డేగలు, బ్లూ జే వంటి పక్షులు, నల్లని రేసర్ పాము, కింగ్ స్నేక్ అనబడే పాము దీని సహజ శత్రువులు. ఫ్లోరిడాలో గూడు కట్టే మంగలికత్తెర తోక వంటి చీలిన తోక గల ఒక జాతి గ్రద్ద (స్వాలో టెయిల్డ్ కైట్) ఎగురుతూనే చెట్టు కొనలనుండి ఈ పాములను తన్నుకుపోతుంది. పెంపుడు పిల్లులు కూడా వీటిని చంపుతాయి. పిల్ల పాములు పెద్ద సాలీళ్ళకు సైతం చిక్కడం కద్దు.

ఈ పాముకు కోరలు లేవు, విషం లేదు, బలం లేదు. రంగు, నిశ్చలత, సహనం దీని ఆయుధాలు. ఆపద ఎదురైనప్పుడు మొట్టమొదట కదలక మెదలక ఉండిపోతుంది. శత్రువు మరీ సమీపిస్తే పొదలోకి జారుకుంటుంది. చేతితో పట్టినప్పుడు కొన్ని పాములు నోరు పెద్దగా తెరచి బెదిరిస్తాయి గాని కరవడం బహు అరుదు. కొన్ని సందర్భాలలో దుర్వాసన గల ద్రవాన్ని విడుస్తాయి.

ఇతర ఆకుపచ్చ పాములతో పోలిక

నున్నని ఆకుపచ్చ పాము: ఇది అమెరికా ఈశాన్య, మధ్య ఉత్తర రాష్ట్రాలలోను, కెనడా దక్షిణ భాగంలోను ఉంటుంది. గరుకు పాముకంటే పొట్టిది. చెట్లపైకంటే నేలపై, గడ్డిలో ఎక్కువగా తిరుగుతుంది. ఇది కూడా కీటకాలను తినేదే, విషం లేనిదే.

పసరిక పాము: ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో చెట్లపై కనబడే పసరిక పాము చూపునకు గరుకు ఆకుపచ్చ పామును బాగా పోలి ఉంటుంది. కాని ఈ రెండింటికీ దగ్గరి బంధుత్వం లేదు. పసరిక పాము అహేతుల్లా ప్రజాతికి చెందినది. దీనిని చాలాకాలం అహేతుల్లా నాసుటా అని వ్యవహరించారు. 2020లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం భారత ద్వీపకల్పపు మైదానాలలోని పాము అహేతుల్లా ఆక్సిరింకా అన్న వేరే జాతి. పసరిక పాము ముట్టె పొడవుగా, మొనదేలి ఉంటుంది. కనుపాప అడ్డంగా ఉంటుంది. గరుకు ఆకుపచ్చ పాము ముట్టె మొండిగా, కనుపాప గుండ్రంగా ఉంటాయి. పసరిక పాము తొండలను, బల్లులను, కప్పలను, చిన్న పక్షులను తింటుంది. గుడ్లు పెట్టక పిల్లలను కంటుంది. దాని నోటిలో వెనుక భాగాన చిన్న కోరలు, స్వల్పమైన విషం ఉన్నాయి. ఆ విషం మనుషుల ప్రాణానికి ప్రమాదకరం కాదు. ఈ పాము కళ్ళు పొడుస్తుందన్న నమ్మకం దక్షిణ భారతంలో ఉన్నది. దాని తమిళ నామానికి అర్థం కూడా అదే. ఆ నమ్మకానికి ఆధారం లేదు.

వేరు వేరు ఖండాలలో, బంధుత్వం లేని రెండు పాములు ఒకే రూపాన్ని పొందడానికి కారణం వాటి జీవన విధానంలోని సామ్యం. ఆకుల నడుమ దాగి, చూపుతో వేటాడి బ్రతికే జీవికి సన్నని శరీరం, పొడవైన తోక, ఆకుపచ్చ రంగు మేలు చేస్తాయి. అందుచేత రెండు చోట్లా పరిణామ క్రమం ఇంచుమించు ఒకే ఫలితానికి చేరింది. జీవశాస్త్రంలో దీనిని అభిసారి పరిణామం అంటారు.

ఆకుపచ్చ రక్తపింజర వర్గపు పాములు: భారతదేశంలో ఆకుపచ్చగా ఉన్న పాములన్నీ నిరపాయకరమైనవి కావు. తూర్పు కనుమలతో సహా ద్వీపకల్పపు కొండ అడవులలో వెదురు పొదలలోను, చెట్లపైనను ఉండే ఆకుపచ్చని పింజర ఒకటి విషసర్పం. దాని తల త్రికోణాకారంగా, మెడకంటే బాగా వెడల్పుగా ఉంటుంది. శరీరం మోటుగా ఉంటుంది. కనుపాప నిలువుగా చీలినట్లు ఉంటుంది. కంటికి, ముక్కుకు నడుమ వేడిని గ్రహించే గుంట ఉంటుంది.

ఈ భేదం ముఖ్యమైనది. అమెరికాలో గరుకు ఆకుపచ్చ పాము నివసించే రాష్ట్రాలలో సహజంగా ఉండే విషసర్పాలు రాటిల్ స్నేకులు, కాపర్‌హెడ్, కాటన్‌మౌత్, పగడపు పాములు. వీటిలో ఏదీ ఆకువంటి ఆకుపచ్చ రంగుది కాదు. కనుక అక్కడి తోటలో కనిపించే సన్నని ఆకుపచ్చ పామును చూసి భయపడనక్కరలేదు. ఇదే సూత్రాన్ని భారతదేశానికి వర్తింపజేయడం మాత్రం ప్రమాదకరం.

మానవులతో సంబంధం

గరుకు ఆకుపచ్చ పాము నివసించే టెక్సాస్, జార్జియా, ఉత్తర కరోలినా, వర్జీనియా రాష్ట్రాలలో తెలుగువారు గణనీయమైన సంఖ్యలో స్థిరపడినారు. నగర శివార్లలో వాగుల పక్కన, చెట్ల నడుమ నిర్మించిన ఇళ్ళ పెరళ్ళలో ఈ పాము కనబడడం అసాధారణం కాదు. అటువంటప్పుడు దానిని కర్రతో కొట్టడం గాని, చేతితో పట్టడం గాని అనవసరం. దాని దారిన దానిని విడిచిపెడితే కొద్దిసేపటిలో తానే ఆకులలో కలిసిపోతుంది. జార్జియా రాష్ట్రంలో విషరహితమైన పాములను చంపడం చట్టరీత్యా నేరం కూడా.

అందమైన రంగు, సాధు స్వభావం కారణంగా వీటిని అడవులనుండి పట్టి పెంపుడు జంతువులుగా విక్రయించడం అమెరికాలో జరుగుతున్నది. కాని ఈ పాము బందిఖానాలో సాధారణంగా బాగా బ్రతకదు. మనుషులు తాకడాన్ని సహించలేదు. పళ్ళెంలో నిలువ ఉన్న నీటిని త్రాగడం కంటే ఆకులపై నిలిచిన నీటి బొట్లను త్రాగడానికి అలవాటు పడినది. బెదిరి ఆహారం మానివేసి చనిపోవడం తరచు జరుగుతుంది.

ముప్పులు, సంరక్షణ

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి (ఐయుసిఎన్) ఈ పామును తక్కువ ఆందోళన కలిగించే జాతిగా వర్గీకరించింది. విస్తారమైన ప్రాంతంలో, అధిక సంఖ్యలో ఉండడమే అందుకు కారణం. అయితే అన్ని చోట్ల పరిస్థితి ఒకేలా లేదు. విస్తృతి అంచున ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం దీనిని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

ఈ పాముకు ప్రధానమైన ముప్పులు నాలుగు. మొదటిది ఆవాస నష్టం. వాగుల, చెరువుల ఒడ్లను శుభ్రపరచే పేరుతో పొదలను నరికి, పచ్చికను సమంగా కత్తిరించినప్పుడు ఈ పాముకు నిలువ నీడ ఉండదు. రెండవది క్రిమిసంహారక మందులు. ఇవి పాము ఆహారాన్ని నాశనం చేస్తాయి. మందు సోకిన పురుగులను తినడం వలన పాముకు కూడా హాని కలిగే అవకాశం ఉన్నది. మూడవది రోడ్లు. కొమ్మలపై అదృశ్యంగా ఉండే పాము నల్లని తారురోడ్డుపై దాగలేదు. వాహనాల క్రింద పడి ఎన్నో పాములు చనిపోతున్నాయి. నాలుగవది పెంపకం కోసం పట్టి అమ్మడం.

దీనిని కాపాడడానికి పెద్ద వ్యయప్రయాసలు అవసరం లేదు. నీటి ఒడ్డున కొంత మేర పొదలను, తీగలను సహజంగా పెరగనివ్వడం, తొర్రలున్న పాత చెట్లను, పడిపోయిన మొద్దులను అలాగే ఉంచడం, తోటలలో మందుల వాడకం తగ్గించడం చాలు. వీటన్నిటికీ ముందు, ఆకుల నడుమ కనిపించిన ప్రతి పామూ చంపదగినదే అన్న భావనను విడిచిపెట్టాలి.